మా ఆవిడ తాతగారు 71 ఏళ్ళ వయసులో అమెరికా ఎందుకు వచ్చారు? కొడుకు పోతే నలభయ్యో రోజు దాకా ఎందుకు ఉండలేదు?

పంగసినాన్ అల్లుడు:

నమస్కారం. ఇది ఇమ్మిగ్రేషన్ ప్రశ్నో, చరిత్ర ప్రశ్నో, ఇంటి గొడవో నాకే సరిగ్గా తెలియదు. మూడూ కలిసిపోయాయి.

నేను కాలిఫోర్నియాలో వలేహోలో ఉంటాను. మా ఆవిడ ఫిలిప్పీన్స్ అమ్మాయి, నర్సు. వాళ్ళది అక్కడి పంగసినాన్ ప్రాంతం. వాళ్ళమ్మ వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లోని బతాన్ ద్వీపకల్పంలో సైనికుడు. వాళ్ళింట్లో అందరూ ఆయన్ని లోలో అంటారు, అమ్మమ్మని లోలా అంటారు. నేనూ అలాగే రాస్తాను.

లోలో 1921లో పుట్టారు. 21వ డివిజన్‌లో పనిచేశారు, జపాన్ సైన్యానికి బందీగా నడిచారు, మలేరియాతో ఇంటికి తిరిగొచ్చారు, ఆ తర్వాత గెరిల్లాలతో తిరిగారు. యుద్ధం అయ్యాక దాదాపు యాభై ఏళ్ళ పాటు పరాయి పొలంలో వరి పండించి పంట పంచుకునే కౌలు రైతు. 1992లో, అంటే 71 ఏళ్ళ వయసులో, లోలాని ఊళ్ళో వదిలేసి ఒక్కరే శాన్ ఫ్రాన్సిస్కో వచ్చేశారు. 2001లో మళ్ళీ ఊరు వెళ్ళిపోయి 2008లో కన్నుమూశారు. నేను ఆయన్ని చూడలేదు.

ఆయన పేరు ఎత్తితే మా అత్తగారి వైపు వాళ్ళు ఇప్పటికీ రెండు ముక్కలైపోతారు. కారణం 1996లో జరిగినది. పెద్ద కొడుకు జీపు కింద పడి పోయాడు. లోలో అమెరికా నుంచి వచ్చారు, అంత్యక్రియలు చేయించారు, తొమ్మిది రోజుల ప్రార్థనలకీ ఉన్నారు. కానీ నలభయ్యో రోజు ప్రార్థనకి ముందే విమానం ఎక్కేశారు. వాళ్ళ నమ్మకం ప్రకారం ఆత్మ ఇల్లు విడిచి వెళ్ళేది నలభయ్యో రోజున. కన్నతండ్రి ఆ రోజు లేకపోవడం అంటే చిన్న విషయం కాదు. రెండో కొడుకు, అంటే మా ఆవిడ మావయ్య, ఇప్పటికీ ఒకే మాట అంటాడు: "ఆయనకి మా కన్నా డాలర్లే ఎక్కువ."

మొన్న అత్తగారు ఆయన కాగితాల కవరు ఒకటి మాకు పంపించారు. అందులో 1993 నాటి అమెరికా పౌరసత్వ సర్టిఫికెట్, 1945లో ఆయన ఇచ్చిన సైనిక అఫిడవిట్ జిరాక్స్, కొన్ని ఎస్ఎస్ఐ (బీద ముసలివాళ్ళకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం) ఉత్తరాలు ఉన్నాయి. ఒక ఫోటో కూడా ఉంది. పార్కులో టెంట్లు, ఒక విగ్రహం, దాని చుట్టూ గొలుసులతో కట్టేసుకుని టోపీలు పెట్టుకున్న ముసలాళ్ళు. వెనకాల 1997 అని రాసి ఉంది.

నాకు అర్థం కానివి ఇవి. పౌరసత్వం వచ్చిన సైనికుడికి సైనిక పెన్షన్ కాకుండా ఎస్ఎస్ఐ ఎందుకు వచ్చింది? ఆ వయసులో రావడం ఎందుకు, వచ్చినవాడు తిరిగి వెళ్ళడం ఎందుకు? ఆ నలభయ్యో రోజు కథేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

చరిత్ర కాలక్షేపం:

బతాన్ వరకు నేను చెప్తాను, మిగతాది నాకు పట్టుబడేది కాదు.

21వ డివిజన్ అంటే జనరల్ మటేయో కపిన్‌పిన్ నాయకత్వంలోని ఫిలిప్పీన్ ఆర్మీ డివిజన్. ఎక్కువగా మధ్య లూజాన్ కుర్రాళ్ళు. అప్పటికి ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉంది. 1941 జూలై 26న రూజ్‌వెల్ట్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టి ఆ దేశపు సైన్యాన్ని అమెరికా సైన్యం సర్వీసులోకి పిలిచాడు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పిలిచినవాళ్ళలో చాలామందికి కొన్ని వారాల ట్రైనింగే. కొబ్బరి పీచుతో చేసిన హెల్మెట్లు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకులు.

1942 జనవరి మొదటి వారం నుంచే సగం రేషన్. తర్వాత అదీ తగ్గింది. గేదెల్ని తిన్నారు, అశ్వికదళం గుర్రాల్ని కూడా తిన్నారు. క్వినైన్ చాలక సగం మంది మలేరియాతో వణుకుతూనే కందకాల్లో కూర్చున్నారు. ఏప్రిల్ 3న, ఆ రోజు గుడ్ ఫ్రైడే, జపాన్ ఫిరంగులు, విమానాలు కలిసి సమత్ కొండ ముందున్న లైను మీద పడ్డాయి. అక్కడ ఉన్నవి 41, 21 డివిజన్లు. మీ లోలో ఆ రోజు అక్కడే ఉండి ఉండాలి.

ఏప్రిల్ 9న అమెరికా జనరల్ ఎడ్వర్డ్ కింగ్ లొంగిపోయాడు. బందీలు దాదాపు 75,000, వాళ్ళలో అత్యధికులు ఫిలిప్పినోలే. మరివెలెస్ నుంచి సాన్ ఫెర్నాండో దాకా వంద కిలోమీటర్ల పైన ఎండలో నడిపించారు. అక్కడ సరుకుల రైలు పెట్టెల్లో నిలబడడానికి కూడా చోటు లేకుండా కుక్కి కపాస్ దాకా తీసుకెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ నడక, ఓ'డానెల్ క్యాంపుకి. దారి పొడవునా ఊళ్ళ జనం అరిటాకుల్లో అన్నం కట్టి విసిరేవాళ్ళు, పట్టుబడితే దెబ్బలు తినేవాళ్ళు. క్యాంపులో నీళ్ళకోసమే గంటల తరబడి లైను. ఆ ఒక్క చోటే 20,000 మందికి పైగా ఫిలిప్పినో బందీలు పోయారు. 1942 రెండో సగంలో మిగిలినవాళ్ళని మళ్ళీ ఆయుధం పట్టబోమని మాట తీసుకుని వదిలిపెట్టారు. ఆ మాట చాలామంది నిలబెట్టుకోలేదు, మీ లోలో లాగే.

ఫారాల పెద్దమ్మ:

బాబూ, ఆయన యుద్ధం చెప్పారు, నేను కాగితాలు చెప్తాను. తొంభైల్లో మేం శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండేవాళ్ళం. మా వారు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్ళాక నాకు తోచేది కాదు, ఉద్యోగం చేసే పర్మిట్టూ లేదు. సౌత్ ఆఫ్ మార్కెట్‌లో ముసలివాళ్ళ సెంటర్ ఒకదాంట్లో వలంటీరుగా ఫారాలు నింపి పెట్టేదాన్ని. నా బల్ల ముందు కూర్చునేవాళ్ళలో చాలామంది మీ లోలో లాంటివాళ్ళే. పాత సైనిక టోపీ, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాల కవరు. నన్ను "మేడమ్" అని లేచి నిలబడి పలకరించేవాళ్ళు, నాకేమో సిగ్గేసేది.

ముందు నలభయ్యో రోజు సంగతి. మీరు చివర్లో అడిగారు కానీ అసలు ప్రశ్న అదే.

ఎస్ఎస్ఐ అంటే సైనికుల పెన్షన్ కాదు. ఆస్తీ ఆదాయం లేని ముసలివాళ్ళకి, వికలాంగులకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం. 1993లో ఫెడరల్ రేటు ఒంటరి మనిషికి నెలకి 434 డాలర్లు, దాని మీద రాష్ట్రం కొంత కలిపేది. అది తీసుకునే మనిషి వరుసగా 30 రోజులు దేశం బయట ఉంటే చెక్కు ఆగిపోతుంది. తిరిగొచ్చాక కూడా వెంటనే ఇవ్వరు, మళ్ళీ వరుసగా 30 రోజులు ఇక్కడ ఉండాలి. అంటే తొమ్మిది రోజుల ప్రార్థనలకి ఉండొచ్చు. నలభయ్యో రోజుకి ఉండకూడదు. ఆ లెక్క మీ లోలో పెట్టుకున్నది కాదు.

ఉంటే ఏమయ్యేది? దాదాపు రెండు నెలల చెక్కు పోయేది. అద్దె కట్టకపోతే గది పోతుంది. ఊళ్ళో ఆ డబ్బు కోసం ఎదురుచూసేవాళ్ళ నోట్లో మట్టి. కొడుకుని పోగొట్టుకున్న ఇంటికి ఆ నెలే డబ్బు ఎక్కువ అవసరం కదా. ఎక్కిన రోజు లెక్కలోకి వస్తుందా, దిగిన రోజు వస్తుందా అని పాస్‌పోర్టు ముద్రలు నా ముందు పెట్టి వేళ్ళ మీద లెక్కపెట్టించుకున్న పెద్దమనుషుల్ని నేను చూశాను. పెళ్ళిళ్ళు, ఆపరేషన్లు, చావులు, అన్నీ 29 రోజుల్లో సర్దుకునేవాళ్ళు.

ఇక ఆ గది సంగతి. వాళ్ళు ఉండేది పాత హోటళ్ళలో, బాత్రూమ్ వరండా చివర. ఒక గదిలో ముగ్గురు నలుగురు. మంచం వంతులవారీగా, మిగతావాళ్ళకి నేల మీద పరుపు. గదిలో వంట నిషేధం, అయినా ప్రతి మంచం కింద ఒక రైస్ కుక్కర్ ఉండేది. మేనేజరు అడుగుల చప్పుడు వినిపిస్తే ప్లగ్గు పీకి కిటికీ తీసేవాళ్ళు. అన్నం ఉడికిన వాసన ఎక్కడికి పోతుంది, అతనికీ తెలుసు. పగలంతా పావెల్ స్ట్రీట్ దగ్గర బెంచీల మీద కూర్చుని కబుర్లు. నెల మొదట్లో చెక్కు రాగానే డబ్బు పంపే కొట్టు ముందు లైను. తమకి ఉంచుకునేది అద్దెకి, బియ్యానికి. ఊరికి పంపే పెట్టెల్లో మాత్రం సబ్బులు, చాక్లెట్లు, డబ్బా మాంసం. ఆ పెట్టె విప్పినవాళ్ళు లోలో అమెరికాలో దొరలా ఉన్నాడనే అనుకుంటారు, వాళ్ళ తప్పు కాదు.

71 ఏళ్ళ వయసులో ఎందుకొచ్చాడంటే, అంతకు ముందు తలుపు తీయలేదు కాబట్టి. యుద్ధ సమయంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్ళకి తేలిగ్గా పౌరసత్వం ఇచ్చే చట్టం 1942లోనే వచ్చింది. గడువు 1946 డిసెంబర్ 31. కానీ మనీలాలో దరఖాస్తులు తీసుకునే అధికారిని 1945 అక్టోబర్‌లో వెనక్కి పిలిపించేసుకున్నారు, 1946 ఆగస్టు దాకా ఎవరూ లేరు. యుద్ధం ముగిసి జనం ఊపిరి పీల్చుకుని దరఖాస్తు పెట్టాల్సిన సమయమే అది. కోర్టులకెక్కారు. 1988లో పంగిలినన్ కేసులో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. చివరికి 1990 నవంబర్‌లో కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఒక సెక్షన్ పెట్టి వీళ్ళకి పౌరసత్వం ఇచ్చారు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇవ్వాల్సింది డెబ్భై ఏళ్ళ ముసలాడికి ఇచ్చారు.

వచ్చాక తెలిసింది, పౌరసత్వం వచ్చినా సైనికుడు మాత్రం కాదని. 1946 ఫిబ్రవరి 18న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టిన రెసిషన్ యాక్ట్ (కేటాయింపుల రద్దు చట్టం) ఒకటుంది. ఖర్చులు తగ్గించే బిల్లులో ఇరికించిన ఒక్క వాక్యం: ఫిలిప్పీన్ కామన్వెల్త్ సైన్యంలో (అంటే మీ లోలో ఉన్న సైన్యంలో) చేసినది చాలా ప్రయోజనాల విషయంలో అమెరికా సైన్యంలో చేసిన సర్వీసు కింద లెక్క కాదు. అదే బతాన్‌లో పోరాడిన పాత ఫిలిప్పీన్ స్కౌట్లు అమెరికా ఆర్మీ వాళ్ళు కాబట్టి వాళ్ళకి అన్నీ వచ్చాయి. పక్క కందకంలో ఉన్న మీ లోలోకి రాలేదు. అందుకే పెన్షన్ బదులు ఎస్ఎస్ఐ.

లోలాని ఎందుకు తీసుకురాలేదని కూడా మీవాళ్ళు అంటూనే ఉంటారు. పౌరుడి భార్యకి వీసా క్యూ లేదు, నిజమే. కానీ పోషిస్తానని ఆదాయం చూపించి హామీ ఇవ్వాలి, ఎస్ఎస్ఐని ఆదాయంగా ఒప్పుకోరు. ఆయన ఎక్కడినుంచి చూపిస్తాడు?

2001లో తిరిగి వెళ్ళారన్నారు కదా. 1999 డిసెంబర్‌లో ఒక చట్టం వచ్చింది. ఎస్ఎస్ఐ తీసుకునే రెండో ప్రపంచ యుద్ధపు వెటరన్ (మాజీ సైనికుడు) అమెరికా వదిలి వేరే దేశంలో ఉండిపోతే ఫెడరల్ రేటులో 75 శాతం అక్కడికే పంపుతారు. మీ లోలో దీని కిందే వెళ్ళి ఉంటారు. తక్కువ డబ్బు తీసుకుని వెళ్ళిపోవడానికి ముసలాళ్ళు ఎంత ఆత్రపడ్డారో చూసుంటే "డాలర్లే ఎక్కువ" అన్న మాట మీ మావయ్య నోట రాదు.

ఫోటోలో విగ్రహం టోపీ పెట్టుకున్న జనరల్‌దైతే అది లాస్ ఏంజలెస్ మెకార్థర్ పార్క్. 1997లో వెటరన్లు అక్కడ టెంట్లు వేసుకుని, తమని యుద్ధంలో నడిపించిన జనరల్ విగ్రహానికే గొలుసులు వేసుకుని కట్టేసుకున్నారు. అదే ఏడాది వైట్ హౌస్ కంచెకీ కట్టేసుకున్నారు. ఆ వయసులో అంత దూరం బస్సులో వెళ్ళాడంటే మీ లోలో మెత్తటి మనిషేం కాదు.

సూటిగా ఒక మాట:

పెద్దమ్మగారు బాగా రాశారు కానీ ఏకపక్షంగా ఉంది. ఫిలిప్పీన్స్ స్వతంత్ర దేశం. దాని సైన్యానికి పెన్షన్ ఇవ్వాల్సింది దాని ప్రభుత్వం. పైగా అమెరికా అప్పుడే 200 మిలియన్ డాలర్లు ఇచ్చింది. పన్ను కట్టనివాళ్ళకి ఎస్ఎస్ఐ కూడా ఇచ్చింది. ఇంకా ఏం చెయ్యాలి?

ఫారాల పెద్దమ్మ:

తేదీలు చూసుకోండి సార్. ఆ చట్టం ఫిబ్రవరిలో వచ్చింది, ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం జూలై 4న వచ్చింది. పోరాడమని పిలిచిన ఆర్డర్ మీద సంతకం ఎవరిదో పైన ఆయన రాశారు. 200 మిలియన్లు ఫిలిప్పీన్ ఆర్మీకి కేటాయించిన మొత్తం, దానితో పాటే ఈ వాక్యం అంటించారు. సంతకం పెట్టిన ట్రూమనే ఈ సైనికుల విషయంలో అమెరికాకి నైతిక బాధ్యత ఉందని ఆ రోజుల్లోనే అన్నాడు.

మీరన్నదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను. అసలేమీ ఇవ్వలేదనడం తప్పు. యుద్ధంలో గాయపడినవాళ్ళకి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పరిహారం ఇచ్చారు. కాకపోతే సగం రేటుకి. బతాన్‌లో కాలు పోయిన అమెరికన్‌కి డాలరైతే, అక్కడే కాలు పోయిన ఫిలిప్పినోకి అర్ధ డాలరు. అమెరికాలో ఉంటున్నవాళ్ళకి అది పూర్తి రేటుకి మారింది 2000లో. పన్ను సంగతంటారా, ఎస్ఎస్ఐ పన్ను కట్టినవాళ్ళకి ఇచ్చే పథకం కాదు, ఎవరికైనా అంతే.

పంగసినాన్ అల్లుడు:

పెద్దమ్మగారూ, నిన్న వీడియో కాల్‌లో మా ఆవిడ మీ జవాబు మొత్తం పంగసినాన్‌లో వాళ్ళకి చెప్పింది. అత్తగారు చాలాసేపు ఏడ్చారు. మావయ్య మాత్రం వేరే ప్రశ్న వేశాడు: "ఇంత ఉంటే మాకు ఒక్క ముక్క చెప్పొచ్చు కదా? ఉత్తరాల్లో వాతావరణం గురించి రాసేవాడు." దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి. 2009లో వెటరన్లకి డబ్బిస్తున్నారని తెలిసి లోలా దరఖాస్తు పెట్టారట, తిరస్కరించారు. పోయేదాకా "నేనేం తప్పు రాశాను" అని అడుగుతూనే ఉన్నారట. పిల్లల్ని అమెరికా రప్పించడానికి లోలో 1994లో వేసిన పిటిషన్లు కూడా ఆయనతోనే పోయాయి. ఇవి కూడా రూల్ ప్రకారమేనా?

ఫారాల పెద్దమ్మ:

రూల్ ప్రకారమే. ఆవిడ ఏ తప్పూ రాయలేదని మీ అత్తగారికి గట్టిగా చెప్పండి. ఆ చట్టం మీద ఒబామా 2009 ఫిబ్రవరి 17న సంతకం పెట్టాడు. అమెరికా పౌరుడైన వెటరన్‌కి 15,000 డాలర్లు, కానివాడికి 9,000, ఒక్కసారి. కానీ దరఖాస్తు వెటరనే పెట్టాలి. పెట్టాక పోతే భార్యకి ఇస్తారు. పెట్టకముందే పోతే ఏమీ లేదు. మీ లోలో 2008లో పోయారు. అరవై మూడేళ్ళు ఆగినవాడు ఇంకో ఏడాది ఆగి ఉంటే లోలాకి వచ్చేది.

పిటిషన్లూ అంతే. పెళ్ళయిన పిల్లల కేటగిరీలో ఫిలిప్పీన్స్ వాళ్ళకి క్యూ ఇరవై ఏళ్ళ పైనే. 2008 నాటికి 1994 తేదీ దగ్గరికి కూడా రాలేదు. వేసినవాడు పోతే పిటిషన్ దానంతటదే రద్దవుతుంది. మానవతా దృష్టితో మళ్ళీ తెరవమని అడగొచ్చు కానీ అది వాళ్ళ దయ. ఈ క్యూలో ఉన్న పిల్లలు, తోబుట్టువులు ముందే రావడానికి 2016లో ప్రత్యేకంగా పెరోల్ (వీసా వంతు రాకముందే వచ్చి ఉండనిచ్చే అనుమతి) ప్రోగ్రాం పెట్టారు. అప్పటికి బతికున్న వెటరన్లు తొంభైల్లో ఉన్నారు.

మీ మావయ్య ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. నా బల్ల ముందు కూర్చున్న వాళ్ళెవరూ ఎస్ఎస్ఐ అంటే ఏమిటో ఇంటికి రాసేవాళ్ళు కాదు. "పెన్షన్ వచ్చింది" అని రాసేవాళ్ళు. బతాన్‌లో పోరాడినందుకు కాదు, బీదవాడినని రాసిచ్చినందుకు ఈ డబ్బు వస్తోందని ఏ తండ్రి కొడుక్కి చెప్పుకుంటాడు? 30 రోజుల రూల్ చెప్పాలంటే ముందు అది చెప్పాలి.

ఇప్పుడు మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. ఫిలిప్పినో వెటరన్లందరికీ కలిపి కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చే చట్టం 2016 డిసెంబర్‌లో వచ్చింది, 2017 అక్టోబర్ 25న వాషింగ్టన్‌లో ఇచ్చారు. దాని కంచు నకళ్ళని వెటరన్లకి, పోయినవాళ్ళ కుటుంబాలకి మేజర్ జనరల్ టగూబా నడిపించిన సంస్థ సభలు పెట్టి అందజేసింది. 1941 జూలై 26 నుంచి 1946 డిసెంబర్ 31 మధ్య సర్వీసు ఉన్నట్టు కాగితం కావాలి. మీ దగ్గరున్న 1945 అఫిడవిట్ చాలా విలువైనది, ముందు దాన్ని స్కాన్ చేయించండి. రికార్డులు సెయింట్ లూయిస్‌లోని కేంద్రానికి రాసి అడగాలి, 180 నంబరు ఫారం. మనీలా వైపు క్యాంప్ అగినాల్డోలో వెటరన్ల ఆఫీసు ఉంది, అక్కడ కూడా మావయ్యని వెళ్ళి అడగమనండి.

పేరు దగ్గర జాగ్రత్త. వాళ్ళకి మధ్య పేరు తల్లి ఇంటిపేరు. అమెరికన్ గుమాస్తాలు చాలాసార్లు దాన్నే ఇంటిపేరుగా ఎక్కించారు. ఒక పేరుతో దొరకలేదని జవాబొస్తే రెండోదానితో అడగండి, సీరియల్ నంబరు మాత్రం రెండు దరఖాస్తుల్లోనూ రాయండి. ఫారం నింపాక కావాలంటే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఒకసారి చూసి పెడతాను.